స్మాల్ హీత్‌లో తయారైన బిఎస్‌ఏ ఎయిర్ రైఫిల్: మెరుగు పెట్టించాలా, ఉన్నది ఉన్నట్టుగా ఉంచాలా?

హాల్ గ్రీన్ వాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా పక్కవీధిలో ఉండే ఎనభై ఏళ్లు దాటిన ఒక ఆంగ్లేయ వృద్ధురాలు కూతురి దగ్గరికి మారిపోతూ ఇంట్లోని సామానంతా ఖాళీ చేయించారు. అటక మీద పాత దుప్పటిలో చుట్టిపెట్టిన ఎయిర్ రైఫిల్ ఒకటి బయటపడింది. పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. ఆవిడ ఊరికే ఇస్తానన్నా నాకు మనసొప్పక 60 పౌండ్లు చేతిలో పెట్టాను. అది ఆవిడ మామగారిదనీ, అంతకుముందు ఆయన తండ్రిదనీ చెప్పారు.

పొడవు 43 అంగుళాలకు కాస్త పైన ఉంది. బ్యారెల్ మడవదు, అది సిలిండర్‌కు స్థిరంగా బిగించి ఉంది. బ్యారెల్ కింద దాని వెంబడే ఒక లీవర్ ఉంది. దాన్ని కిందికి లాగితే లోపల స్ప్రింగ్ ముడుచుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. సిలిండర్ ముందు కొసన పక్కగా ఒక చిన్న మీట ఉంది, దాన్ని తిప్పితే పైన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పట్టేంత రంధ్రం తెరుచుకుంటుంది. సిలిండర్ మీద అక్షరాలు అరిగిపోయాయి కానీ, టార్చి లైటు ఏటవాలుగా పట్టి చూస్తే "ఇంప్రూవ్డ్ మోడల్ డి" అని చదవగలిగాను. చెక్క మీద మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన ముద్ర ఉంది. ఆ ముద్రను చూడగానే పోల్చుకున్నాను, ఎందుకంటే మా నాన్నగారి బిఎస్‌ఏ సైకిల్ ముందు భాగాన అదే ముద్రను చిన్నప్పుడు వేలితో తడుముతూ పెరిగాను.

నా ప్రశ్నలు నాలుగు. ఇది ఏ కాలానిది? దీన్ని పేల్చవచ్చా? చట్టపరంగా నేనేమైనా చేయవలసి ఉందా? దీన్ని పూర్తిగా శుభ్రం చేయించి కొత్తదానిలా నల్లని పూత వేయించడం మంచిదేనా? బ్యారెల్ కొసన రెండు అంగుళాల మేర ఇనుప పీచుతో రుద్ది చూశాను, తెల్లగా మెరుస్తోంది. తుపాకీ మడమ (భుజానికి ఆనే వెనక చెక్క భాగం) అడుగున "7" అనే అంకె ఉన్న ఒక చిన్న ఇత్తడి బిళ్లను ఎవరో మేకుతో కొట్టారు. అది కర్మాగారం వారు వేసినదిలా లేదు. దాన్ని పీకేసి రంధ్రం పూడ్చాలని కూడా ఆలోచిస్తున్నాను.

పాత ఇనుము

హాల్ గ్రీన్ వాసి గారికి, ముందుగా ఒక విన్నపం. ఈ జవాబు చదివిన వెంటనే ఆ ఇనుప పీచును పక్కన పెట్టండి. బిళ్ల జోలికి కూడా పోకండి. మిగతా విషయాలు నిదానంగా చెప్పుకుందాం.

నేను కోవెంట్రీలో ఒక యంత్ర పరికరాల కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. పాత బ్రిటిష్ ఎయిర్ రైఫిళ్లు సేకరించడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. మీ చేతిలో ఉన్నది ఈ అభిరుచికి మూలస్తంభం వంటి తుపాకీ. బర్మింగ్‌హామ్ స్టీల్‌హౌస్ లేన్‌లో దుకాణం నడిపిన లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల తయారీదారు 1904లో ఈ నిర్మాణానికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటి వరకు బ్రిటన్‌లో అమ్ముడుపోయిన ఎయిర్‌గన్‌లలో ఎక్కువ భాగం జర్మనీ నుంచి వచ్చిన తేలికపాటి సరుకు. బ్యారెల్‌ను మధ్యకు విరిచి గుండు పెట్టే ఆ పద్ధతిలో కీలు కాస్త వదులైనా గురి పక్కకు పోతుంది. జెఫ్రీస్ గారు బ్యారెల్‌ను కదలకుండా బిగించి, స్ప్రింగ్‌ను ముడిచే పనిని కింది లీవర్‌కు అప్పగించి, పెల్లెట్ పెట్టడానికి తిరిగే ట్యాప్‌ను అమర్చారు. తయారీ బాధ్యతను 1905 నుంచి స్మాల్ హీత్‌లోని బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ, అంటే మనం పిలుచుకునే బిఎస్‌ఏ చేపట్టింది. సైన్యానికి రైఫిళ్లు చేసే లేత్‌ల మీద, అదే పనివాళ్లు, అదే కొలతల క్రమశిక్షణతో ఎయిర్ రైఫిల్‌ను అక్కడ తయారుచేశారు. నూట పదేళ్ల తరవాత కూడా మీ లీవర్ పక్కలకు ఊగకుండా తన గాడిలోకి వచ్చి కూర్చుంటున్నదంటే కారణం అదే.

దీనికి కాలం కూడా కలిసివచ్చింది. 1899 నుంచి 1902 వరకు సాగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల గురి ఎంత బలహీనమో బయటపడింది. యుద్ధం ముగిశాక సామాన్య పౌరులకు కూడా గురి నేర్పాలన్న ఉద్యమం మొదలైంది. లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాని దాన్ని ముందుండి నడిపించారు. ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, ఇంటి పెరట్లోనో సారాయి దుకాణం వెనక గదిలోనో సాధన చేసుకునే వీలు ఉండడంతో ఎయిర్ రైఫిల్ ఇంటింటికీ చేరింది. బిఎస్‌ఏ వారు అప్పటి సైనిక లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను పోలిన "మిలిటరీ ప్యాటర్న్" ఎయిర్ రైఫిల్‌ను కూడా చేశారు. ఈ రోజుల్లో అది కంటికి కనబడడమే అరుదు.

ఇంప్రూవ్డ్ మోడల్ డి 1908 ప్రాంతంలో మొదలై మొదటి ప్రపంచ యుద్ధంతో ఆగిపోయింది. యుద్ధం తరవాత 1919 నుంచి వచ్చినవాటిని స్టాండర్డ్ అంటారు. అవి 1939 దాకా తయారయ్యాయి. మీ కొలత 43 అంగుళాలు దాటింది కనుక మీది మధ్యరకం. ఇదే మోడల్‌లో 39 అంగుళాల లైట్ ప్యాటర్న్ ఉంటుంది, 45న్నర అంగుళాల స్పోర్టింగ్ ప్యాటర్న్ కూడా ఉంటుంది. బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, ఎన్ని అంగుళాలో మీరు రాయలేదు. .177 ను అప్పటి వాడుకలో నంబర్ 1 బోరు అనీ, .22 ను నంబర్ 2 అనీ, .25 ను నంబర్ 3 అనీ అనేవారు. మీది .177 అయ్యే అవకాశమే ఎక్కువ. దయచేసి వరుస సంఖ్యను బహిరంగంగా ఇక్కడ రాయకండి. వ్యక్తిగత సందేశంలో పంపండి, తయారైన సంవత్సరం అంచనా వేసి చెబుతాను.

ఒట్టావా రావు

ఒక చిన్న సందేహం. సైకిళ్లు చేసిన బిఎస్‌ఏ, తుపాకులు చేసిన బిఎస్‌ఏ ఒకటేనా?

పాత ఇనుము

అవునండి, మూలం ఒకటే. బర్మింగ్‌హామ్ తుపాకుల పనివాళ్లు 1861లో కలిసికట్టుగా స్థాపించిన సంస్థ అది. తుపాకుల గిరాకీ పడిపోయినప్పుడు యంత్రాలు ఖాళీగా ఉండకూడదని సైకిళ్ల వైపు, ఆ తరవాత మోటార్‌సైకిళ్ల వైపు వెళ్లింది. మన ఊళ్లలో తిరిగిన బిఎస్‌ఏ సైకిళ్లు మద్రాసు దగ్గర అంబత్తూరులో టిఐ సైకిల్స్ వారు చేసినవి. పేరు మాత్రం స్మాల్ హీత్ నుంచి వచ్చింది. 1940 నవంబరు 19 రాత్రి స్మాల్ హీత్ కర్మాగారం మీద జర్మన్ బాంబులు పడి 53 మంది కార్మికులు చనిపోయారు. పాత బిఎస్‌ఏ వస్తువు ఏది చేతికి వచ్చినా నాకు ఆ రాత్రి గుర్తుకు వస్తుంది.

లీడ్స్ సుధ

నమస్కారం. నేను లోహపు వస్తువుల పరిరక్షణలో శిక్షణ పొందినదాన్ని, వృత్తి కూడా అదే. పాత ఇనుము గారు ఆపమన్నారు, ఎందుకు ఆపాలో నేను వివరిస్తాను.

ఇనుము మీద కనిపించే గోధుమరంగు అంతా ఒకటే కాదు. వేలితో తాకితే పొడి రాలి, నారింజ ఛాయలో ఉండేది బతికున్న తుప్పు. అది లోపలికి తింటూ పోతుంది కనుక తీసేయాలి. ముదురు గోధుమ ఛాయలో, నున్నగా, గోరు గీసినా రాలకుండా ఉండేది మొదటి నీలిపూత (కర్మాగారంలో ఇనుముకు వేసే ముదురు నీలి-నలుపు పూత) నెమ్మదిగా మారి ఏర్పడిన పొర. అది లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది కూడా. మీరు ఇనుప పీచుతో రుద్దినప్పుడు ఈ రెంటితో పాటు కింద మిగిలి ఉన్న అసలు నీలిపూత కూడా పోయింది. అందుకే తెల్లగా మెరిసింది. ఆ రెండు అంగుళాలు ఇక తిరిగి రావు. బాధపడకండి, బ్యారెల్ కొస కావడం వల్ల నష్టం తక్కువ. అక్షరాలున్న సిలిండర్ మీద ఇదే పని చేసి ఉంటే, ఒక మిల్లీమీటరులో పదోవంతు లోతు కూడా లేని ఆ చెక్కుడు ముద్రలు శాశ్వతంగా చెరిగిపోయేవి.

చేయవలసినది ఇంతే. పలుచని నూనె రాసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు మెత్తని నూలుగుడ్డతో తుడవండి. రాలే తుప్పు ఎక్కడైనా మొండిగా ఉంటే, ఇనుముకన్నా మెత్తనైన రాగి నాణెం అంచుతోనో గట్టి చెక్క పుల్లతోనో నూనెలో నానబెట్టి గీకండి. ఇనుము గీతపడదు. చెక్క భాగాన్ని నీళ్లతో కడగకండి, గరుకు కాగితం అసలు తాకించకండి. వాల్‌నట్ చెక్క మీద ఒక శతాబ్దం పాటు చేతి చెమట, నూనె కలిసి చేసిన రంగును ఏ సీసా నుంచీ తిరిగి తేలేరు. గుడ్డకు రెండు చుక్కల టర్పెంటైన్ తగిలించి మడ్డి తీసేయండి. చివరగా లోహానికీ చెక్కకూ పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూయండి. వస్తువులను భద్రపరిచే సంస్థలు వాడేది అదే.

వెబ్లీ పక్షపాతి

ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. ప్రతి పాత తుపాకీ మ్యూజియం వస్తువు కాదు. వీటిని వేల సంఖ్యలో, పెరట్లో కాల్చుకోవడానికి తయారుచేశారు. పూర్తిగా తుప్పుపట్టి, చెక్క మధ్యకు పగిలి, ఎవరో ఇంటి రంగు పూసిన ఒక వెబ్లీ (మరో బ్రిటిష్ తుపాకుల కంపెనీ) సర్వీస్ మార్క్ II ను నేను మూడేళ్ల కిందట కొన్నాను. 1932లో వచ్చిన మోడల్ అది. .177, .22, .25 మూడు బోర్ల బ్యారెల్‌లనూ క్షణాల్లో మార్చుకునే ఏర్పాటు దాని విశేషం. దాన్ని అలాగే ఉంచితే ఎవరికి లాభం? రంగు గీకించి, చెక్క అతికించి, నీలిపూత వేయించాను. ఈ రోజు అది పనిచేస్తోంది, మా అబ్బాయి నా పక్కన నిలబడి నేర్చుకుంటున్నాడు. వస్తువు పనిచేయడమూ దాని చరిత్రలో భాగమే కదా.

పాత ఇనుము

మీరు చేసింది సరైన పని. అందులో నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అక్కడ కాపాడడానికి అసలు పూత మిగలలేదు. నేను వద్దంటున్నది మిగిలి ఉన్నదాన్ని తీసేయడం. ఈ గీత ఎక్కడ పడుతుందో అనుభవంతో చెబుతాను.

పదేళ్ల కిందట నా దగ్గర 1920ల నాటి బిఎస్‌ఏ స్టాండర్డ్ ఒకటి ఉండేది. నీలిపూత సగానికి పైగా ఉంది, అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇంకా అందంగా ఉంటుందన్న ఆశతో మెరుగు పెట్టే ఒక పనివాడికి ఇచ్చాను. ఆరు వారాల తరవాత తిరిగి వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. చేతిలోకి తీసుకోగానే గుండె జారింది. మెరుగు చక్రం మీద పెట్టి తిప్పడం వల్ల సిలిండర్ మీది అక్షరాలు వెన్నలో గీసినట్టుగా అంచులు కోల్పోయాయి. ట్రిగ్గర్ బ్లాకు పదునైన మూలలు గుండ్రమయ్యాయి. మర రంధ్రాల చుట్టూ లోహం గిన్నెలా లోపలికి కుంగింది. అక్షరం అంచు, బ్లాకు మూల, మర రంధ్రం అంచు, ఈ మూడింటినీ చూస్తే చాలు, ఏ తుపాకీకైనా మళ్లీ పూత వేశారో లేదో అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆ తుపాకీని ఇప్పటికీ ఉంచుకున్నాను, కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి చూపించడానికి.

అబర్డీన్ తెలుగింటి కోడలు

చట్టం గురించిన ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక నేను చెబుతాను, ఈ విషయంలో మావారు ఒకసారి ఇబ్బందిపడ్డారు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎయిర్ రైఫిల్ శక్తి 12 ఫుట్-పౌండ్లు (గుండు శక్తిని కొలిచే ప్రమాణం) మించకపోతే, ఎయిర్ పిస్టల్ అయితే 6 ఫుట్-పౌండ్లు మించకపోతే, పద్దెనిమిదేళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. రైఫిల్ ఆ హద్దు మించితే తుపాకీ సర్టిఫికెట్ ఉండాలి. వ్యాపారులు నమోదు చేసుకుని ఉండాలి, కొన్నవారికి ఎదురుగానే అందజేయాలి. పిల్లల చేతికి అందకుండా దాచడం కూడా చట్టబద్ధమైన బాధ్యతే. స్కాట్లాండ్‌లో మాత్రం 2016 డిసెంబరు 31 నుంచి ఎయిర్ రైఫిల్‌కు ప్రత్యేక సర్టిఫికెట్ తప్పనిసరి. మావారు న్యూకాజిల్‌లోని స్నేహితుడి దగ్గర పాత తుపాకీ ఒకటి మాట్లాడుకుని, సర్టిఫికెట్ రాకముందే కారులో ఇంటికి తెచ్చేద్దామనుకున్నారు. సరిహద్దు దాటగానే అది నేరమవుతుందని నేను గట్టిగా పట్టుబట్టి ఆపాను. సర్టిఫికెట్ వచ్చేదాకా అది స్నేహితుడి ఇంట్లోనే ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో నిబంధనలు ఇంకా కఠినం.

కృష్ణలంక శర్మ

విజయవాడ నుంచి రాస్తున్నాను. మా బావమరిది మాంచెస్టర్‌లో ఉంటాడు. తన దగ్గరున్న .22 బోరు పాత బిఎస్‌ఏ ఎయిర్‌స్పోర్టర్‌ను వేసవి సెలవుల్లో నాకు బహుమతిగా తెస్తానంటున్నాడు. ఎయిర్‌గన్‌కు మన దగ్గర లైసెన్సు అక్కర్లేదని విన్నాను. తెప్పించుకోవచ్చా?

అబర్డీన్ తెలుగింటి కోడలు

శర్మ గారూ, దయచేసి వద్దని చెప్పండి. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌కు రెండు హద్దులున్నాయి. బోరు .177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. శక్తి 20 జూల్స్ మించకూడదు. ఇందులో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. .22 మొదటి హద్దు దగ్గరే ఆగిపోతుంది. పైగా విదేశం నుంచి ఏ ఆయుధం తెచ్చినా దిగుమతి అనుమతి వేరే వ్యవహారం. విమానాశ్రయంలో సామాను తెరిచాక చెప్పుకునే సమాధానాలు ఎవరూ వినరు. మీ బావమరిది దాన్ని మాంచెస్టర్‌లోనే ఉంచి, మీరు అక్కడికి వెళ్లినప్పుడు కలిసి కాల్చండి.

కృష్ణలంక శర్మ

స్పష్టంగా చెప్పినందుకు ధన్యవాదాలమ్మా. ఈ రోజే ఫోను చేసి ఆపుతాను. గగన్ నారంగ్ గారు 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన రోజు నుంచి నాకు ఈ తుపాకుల మీద ఆసక్తి. హైదరాబాదు నుంచి వెళ్లిన మనిషి వూలిచ్ మైదానంలో నిలబడి గెలవడం టీవీలో చూసి కన్నీళ్లు పెట్టుకున్నాను.

వెబ్లీ పక్షపాతి

శర్మ గారికి ఎయిర్‌స్పోర్టర్ గురించి ఒక మాట, వెబ్లీవాణ్ణయినా ఒప్పుకోక తప్పదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1940ల చివర్లో బిఎస్‌ఏ తెచ్చిన ఆ నమూనాలో లీవర్‌ను చెక్క లోపలికి దాచేశారు. లీవర్ లాగగానే ట్యాప్ దానంతట అదే తెరుచుకుంటుంది. అందం విషయంలో దానికి సాటి వచ్చేది అదే కాలంలో, 1947లో మొదలైన మా వెబ్లీ మార్క్ 3 ఒక్కటే. మార్క్ 3 ని 1975 దాకా చేశారు. మొదలుపెట్టేవారికి నేను సిఫారసు చేసేది కూడా అదే, ఎందుకంటే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

హాల్ గ్రీన్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇనుప పీచును చెత్తబుట్టలో వేశాను. సుధ గారు చెప్పినట్టు నూనె, గుడ్డ, మైనంతో రెండు ఆదివారాలు పనిచేశాను. నూనె పట్టిన తరవాత సిలిండర్ మీద నేను అంతకు ముందు చూడని మరో వరుస అక్షరాలు బయటపడ్డాయి. ఇక పేల్చడం గురించి చెప్పండి. బోరు .177 అని తేలింది. ట్యాప్ దగ్గర గాలి కారుతున్నట్టు అనుమానంగా ఉంది.

పాత ఇనుము

ట్యాప్ ఈ తుపాకీకి ఆయువుపట్టు. పాత ఇత్తడి నీళ్ల కుళాయి లోపలి బిరడా గుర్తుందా? పైన లావుగా, కింద సన్నగా ఉండే ఆ బిరడాకు అడ్డంగా రంధ్రం ఉంటుంది, తిప్పితే నీళ్ల దారికి ఎదురుగా వస్తుంది. ఇదీ అంతే, కాకపోతే ఉక్కుతో చేసినది. మీట పైకి తిప్పినప్పుడు రంధ్రం నిలువుగా నిలుస్తుంది, పెల్లెట్‌ను ముక్కు కిందికి ఉండేలా జారవిడుస్తాం. మీట తిప్పేస్తే ఆ రంధ్రం ఒకవైపు బ్యారెల్‌కూ మరోవైపు సిలిండర్ గాలిదారికీ సూటిగా కుదురుతుంది. ప్రతి ట్యాప్‌నూ దాని సొంత గూటిలో మెత్తని గరుకు పదార్థంతో తిప్పి తిప్పి అరగదీసి అతికినట్టు చేశారు. అందువల్ల ఒక తుపాకీ ట్యాప్ మరొకదానికి కుదరదు. ఎవరైనా "అదనపు ట్యాప్" అమ్మజూపితే కొనకండి.

కారుతోందో లేదో తేల్చడానికి ట్యాప్ పైన సిగరెట్ చుట్టే పలుచని కాగితం ముక్క ఒకటి పెట్టండి. పెల్లెట్ పెట్టి, భద్రమైన లక్ష్యం మీదికి ఒకసారి పేల్చండి. కాగితం కాస్త కదిలితే ఫరవాలేదు, ఎగిరిపోతే కారుతున్నట్టు లెక్క. చాలాసార్లు ట్యాప్ అరగదు, దాన్ని లోపలికి లాగిపట్టే మర వదులవుతుంది అంతే. పెల్లెట్ లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకండి, ఎదురుగాలి మెత్త లేక, స్ప్రింగ్ నెట్టే పిస్టన్ సిలిండర్ కొసకు గుద్దుకుంటుంది.

పిస్టన్ తల మీద తోలు వాషర్ ఉంటుంది. ఏళ్ల తరబడి అటక మీద ఎండిపోయి ఉంటుంది. దానికి పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె కొన్ని చుక్కలు గాలిదారిలో వేసి, తుపాకీని మూతి పైకి ఉండేలా రెండు రోజులు నిలబెట్టండి. ఎక్కువ పోయకండి. గాలి ఒత్తిడికి పుట్టే వేడికి లోపలి నూనె డీజిల్ ఇంజన్‌లో లాగా అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, పొగ వస్తాయి, స్ప్రింగ్ విరుగుతుంది. ఇంకా పెద్ద తప్పు కొత్త, బలమైన స్ప్రింగ్ వేయడం. ఈ తుపాకీ సున్నితమైన శక్తికి రూపొందినది. బలమైన స్ప్రింగ్ వేస్తే ట్రిగ్గర్ పట్టు అరిగి దానంతట అదే పేలే ప్రమాదం వస్తుంది. విప్పవలసి వస్తే నా దగ్గరికి తీసుకురండి. లీవర్ ఇరుసు మర పక్కన దాన్ని కదలనివ్వకుండా కాసే ఒక చిన్న మర ఉంటుంది. అది చూడక పెద్ద మరను బలవంతంగా తిప్పినవారి గుర్తులు నేను చూసిన తుపాకుల్లో సగానికి పైగా ఉన్నాయి. స్క్రూడ్రైవర్ మొనను గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయేలా అరగదీశాకే మరను తాకాలి.

లీడ్స్ సుధ

విప్పుతున్నప్పుడు ప్రతి దశలోనూ ఫొటోలు తీయండి. లోపల ఏది కనిపించినా, పాత వాషర్ ముక్కయినా సరే, పారేయకుండా కవరులో వేసి తేదీ రాయండి.

హాల్ గ్రీన్ వాసి

ఆలస్యానికి మన్నించాలి. గత శనివారం కోవెంట్రీ వెళ్లాను. పాత ఇనుము గారు, వారి శ్రీమతి గారు చూపిన ఆదరణ మరచిపోలేను. పెసరట్టు తిన్న తరవాతే తుపాకీ విప్పనిచ్చారు.

వెనక ట్రిగ్గర్ బ్లాకు సిలిండర్‌లోకి మరచుట్లతో బిగిసి ఉంది. చెక్క పట్టుకారులో పెట్టి, వెచ్చచేసి, అంగుళం అంగుళం తిప్పితే వదిలింది. పిస్టన్ బయటికి రాగానే ఇద్దరం మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాం. కర్మాగారం వాషర్ స్థానంలో ఎవరో చేత్తో కత్తిరించిన తోలు ఉంది. రెండు పొరలు. కింది పొర అంచున సమదూరంలో మూడు కుట్టు రంధ్రాలున్నాయి. అది బూటు పైతోలు నుంచి కోసినదని పాత ఇనుము గారు అన్నారు. అంచు ఎక్కడా మిట్టపల్లాలు లేకుండా, లేత్ మీద తిప్పినట్టుగా ఉంది. వాషర్ దొరకని రోజుల్లో, బహుశా యుద్ధకాలంలో, చేతిపని బాగా తెలిసిన మనిషి ఎవరో కూర్చుని చేసిన పని. నూనె పట్టించి చూస్తే ఇంకా సాగుతోంది. దాన్ని కవరులో భద్రపరిచి, కొత్త తోలు వాషర్ వేశాం. స్ప్రింగ్ పాతదే. ట్యాప్ మరను పావు చుట్టు బిగిస్తే కాగితం ఎగరడం ఆగిపోయింది.

పాత ఇనుము గారి క్లబ్బులో వేగం కొలిచే యంత్రం మీద 8.4 గ్రెయిన్ల బరువున్న పెల్లెట్ సగటున సెకనుకు 540 అడుగులు వెళ్లింది. అంటే 5.4 ఫుట్-పౌండ్ల పైచిలుకు. చట్టం పెట్టిన హద్దులో సగం కూడా లేదు. పది గజాల దూరాన ఐదు పెల్లెట్లూ ఒక పౌండు నాణెం కింద దాగేంత చోటులో పడ్డాయి. కాల్చింది నేను కాదు, వారు.

ఇత్తడి బిళ్ల సంగతి. నిన్న ఆ పెద్దావిడకు ఫోను చేసి కుశలం అడుగుతూ ఆ "7" గురించి కూడా అడిగాను. కాసేపు ఆలోచించి, మామగారు చలికాలం సాయంత్రాలు పబ్బులో జట్టుగా గురి ఆడేవారని చెప్పారు. గోడకు వేలాడదీసిన ఇనుప రేకు మధ్యలో చిన్న రంధ్రం, దాని వెనక గంట. పెల్లెట్ రంధ్రంలోంచి పోతేనే గంట మోగుతుంది.

పాత ఇనుము

బెల్ టార్గెట్! ఈ ప్రాంతంలో ఒకప్పుడు వీధికొక జట్టు ఉండేది. రంధ్రం వ్యాసం అంగుళంలో ఎనిమిదింట మూడువంతులు మాత్రమే. కొన్ని పబ్బుల్లో ఈ ఆట ఇప్పటికీ బతికి ఉంది. మీ మోడల్ డి వంటి కదలని బ్యారెల్ తుపాకీకి ఆ ఆటలో ఎంత విలువ ఉండేదో ఊహించుకోండి. మరి బిళ్ల?

హాల్ గ్రీన్ వాసి

జట్టువాళ్లు తుపాకులను పబ్బు గోడకున్న చెక్క దండెం మీదే వదిలి వెళ్లేవారట. ఒక్కో మేకుకు ఒక్కో అంకె. మామగారిది కిటికీ పక్కన చివరిది, ఏడోది. ఆయన ఇంట్లో బూట్లు కూడా తానే కుట్టుకునేవారా అని అడిగాను. "నీకెలా తెలుసు?" అని ఆవిడ ఆశ్చర్యపోయారు. వాషర్ ఫొటోను ఆవిడ కూతురి ఫోనుకు పంపించాను. బిళ్ల మీద ఒక పూత మైనం రాశాను, మేకును తాకలేదు.